రాజుగారి చూపుడువేలు, రాణిగారి జువ్వి

ఒక రాజు ఉండేవాడు. ఆయనకు దేన్నీ ఉన్నచోట ఉండనిచ్చే అలవాటు లేదు.

చెడ్డవాడు కాదు, పాపం. బీదాబిక్కీని చూసేవాడు. దొంగ దొరికితే ముందు అన్నం పెట్టించి, ఆ తర్వాతే కొట్టించేవాడు. కానీ ఏం చేస్తాం, ఆయన కుడిచేతికి ఒక చూపుడువేలు ఉంది. ఆ వేలు దేనివైపు లేస్తే అది అక్కణ్ణుంచి లేవాల్సిందే. ఖజానా వైపు లేచింది, ఖజానా వంటశాలలోకి పోయింది. వంటశాల వైపు లేచింది, వంటశాల గుర్రపుశాలలోకి పోయింది. గుర్రాలు ఎక్కడికి పోయాయో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. ఒకరోజు సంగీతశాలలోంచి సకిలింపు వినపడితే అప్పుడు తెలిసింది.

రేవులు చూసే మంత్రిని అడవులకు పంపాడు, అడవులు చూసే మంత్రిని రేవులకు పంపాడు. మొదటాయన అడవి మధ్యలో పడవలు కట్టించాడు. రెండో ఆయన సముద్రంలో పులుల కోసం వలలు వేయించాడు. ఇదేమిటి ప్రభూ అని ఎవరైనా అడిగితే, "నిలవ నీరు నాచు పడుతుందయ్యా" అనేవాడు రాజు. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవని పెద్దలన్నారు. తిప్పే వేలు సంగతి చెప్పడం మరిచిపోయారు గానీ, అదీ అంతే.

ఆ రాజుకు పెళ్ళయింది. రాణి అత్తవారింటికి వస్తూ ఒక పెద్ద పెట్టె తెచ్చుకుంది, కుండీలో ఒక జువ్వి మొక్క తెచ్చుకుంది. జువ్వంటే మర్రికీ రావికీ దాయాది. బయట వదిలితే కోటగోడను కూడా చీల్చుకుని పోయే రకం. కానీ ఈ మొక్క రాణి పుట్టింట్లో, కిటికీ పక్కన, కుండీలోనే పెరిగి మనిషి ఎత్తు చెట్టయింది. ఎండ నేరుగా నెత్తిన పడక్కర్లేదు, కిటికీలోంచి పలకరిస్తే చాలు దానికి.

వచ్చిన కొత్తలో చెట్టును రాణి గదిలో తూర్పు కిటికీ దగ్గర పెట్టారు. ఆకులు నూనె రాసినట్టు మెరిసేవి. రాణి కూడా ఆ రోజుల్లో తెగ నవ్వేది. ఆ నవ్వంటే రాజుకు ప్రాణం. ప్రాణం కనకే, ఇంత నవ్వుకి ఇంకా మంచి గది ఉండాలనిపించింది ఆయనకు.

వేలు లేచింది.

వెన్నెల బాగా పడుతుందని ఒక గదికి మార్చాడు. గాలి బాగా వస్తుందని ఇంకో గదికి మార్చాడు. నెమళ్ళు కనపడతాయని మరో గది, నెమళ్ళు అరుస్తున్నాయని వేరే గది. రాణి ముందు నడిచేది, వెనక పెట్టె వచ్చేది, ఆ వెనక కుండీ వచ్చేది. ఆమె నవ్వడం ఎప్పుడు మానేసిందో రాజు గమనించలేదు. ఏ గదిలో ఏ కిటికీ తెరవాలా అని చూసుకుంటున్నాడు.

ఒకనాడు చెట్టునుంచి ఆకు రాలింది. పండాకు కాదు, పచ్చటి ఆకు. మర్నాడు ఇంకొన్ని రాలాయి. చెట్టుకు నోరు లేదు కదా, ఉన్నవల్లా ఆకులే. అందుకని ఆకులతోనే చెప్పింది. వినేవాళ్ళేరీ? చీపురు పట్టుకొచ్చి ఊడ్చేశారు.

రాణి రాలిన ఆకుల్లో ఒకటి తీసి రాజు చేతిలో పెట్టింది.

"ఈ చెట్టు నాతోపాటు వచ్చింది. ఇది మోడైన రోజున నేనిక్కడ ఉండను. పల్లకీ నేనే పిలిపించుకుంటాను."

ఆమె అరిచి ఉంటే రాజు అంత భయపడేవాడు కాదు. వంటవాడితో ఉప్పు తగ్గించమన్నట్టు చెప్పింది. ఆమె ఎదుట లేకపోతే ఆయనకు ముద్ద దిగదు. ఆ సంగతి ఆమెకు ఏనాడూ చెప్పలేదు, అది వేరే విషయం.

వెంటనే వైద్యుణ్ణి పిలిపించాడు. వైద్యుడు కొమ్మను మణికట్టులా పట్టుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు ఆలోచించాడు.

"దాహం," అన్నాడు.

పొద్దున కడవ, సాయంత్రం కడవ నీళ్ళు పోశారు. కుండీలో కప్ప చేరింది. ఆకులు పసుపురంగుకు తిరిగి గుత్తులు గుత్తులుగా రాలాయి. వైద్యుడు మళ్ళీ కొమ్మ పట్టుకున్నాడు.

"దాహం తగ్గింది ప్రభూ. ఇప్పుడున్నది జలోదరం."

జలోదరం తగ్గాలని చెట్టును మేడమీదికి మోయించి మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబెట్టారు. పాపం, పుట్టి బుద్ధెరిగాక అంత ఎండ ఎరగదు అది. అంచులు అప్పడాల్లా మాడిపోయాయి.

తర్వాత వాస్తు సిద్ధాంతి వచ్చాడు. చెట్టువైపు చూడనే లేదు. మేడ నాలుగు మూలలూ చూసి రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

"ఈశాన్యంలో బరువా! శివశివా!"

చెట్టును ఈశాన్యం నుంచి లేపి కిందికి దించి, కోట నైరుతిలో పడేశారు. నైరుతి మూల అంటే పెద్ద తెర వెనక, పొద్దు పొడిచిందో లేదో తెలియని చోటు. పక్కనే నౌకర్లు వచ్చిపోయే తలుపు. తలుపు తెరిచినప్పుడల్లా వడగాలి వచ్చి చెట్టును ఒక ఊపు ఊపి పోయేది. చెట్టు ఊపుకొక ఆకు రాల్చేది. అది మంచిదే, దోషం రాలిపోతోంది అన్నాడు సిద్ధాంతి.

అక్కడే ఇంకో ముచ్చట జరిగింది. నైరుతికి వచ్చిన కొన్నాళ్ళకు మిగిలిన ఆకులమీద బొట్లు బొట్లుగా ఏదో మెరవడం మొదలైంది. ముట్టుకుంటే జిగురు. కింద చీమలు బారులు తీరాయి. ఆస్థానకవి అది చూశాడు. చూసినవాడు ఊరుకోవచ్చు కదా! అబ్బే.

"ప్రభూ! తరువు తేనె చిందిస్తోంది! రాణిగారి పుట్టింటి తియ్యదనం!"

అని ఒక ఆకు తుంచి నాకాడు. నాకి, కళ్ళు అరమోడ్చి, "అమృతం" అన్నాడు. రాజుకు ఎక్కడలేని సంతోషం వచ్చింది. రోగం కుదిరినట్టే అనుకుని ఆయన కూడా ఒక ఆకు నాకాడు. మంత్రులు వరసగా నిలబడ్డారు. రాజు నాకాక వాళ్ళు నాకకపోతే బాగుంటుందా మరి!

అప్పుడే రాణి వచ్చింది. ముక్కుమీద వేలేసుకుంది. కవి చేతిలో ఆకు తీసుకుని తిరగేసి చూపించింది. అడుగున, ఈనె వెంబడి, గోధుమరంగు పొక్కుల్లాంటివి అంటుకుని ఉన్నాయి.

"ఇవి పొలుసు పురుగులు," అంది. "మీరు నాకింది వాటి రెట్ట."

కవి పరిగెత్తాడు. ఆ తర్వాత ఆయన రాసిన ఏ పద్యంలోనూ అమృతమనే మాట కనపడలేదని చెబుతారు.

రాణి కుంకుడు రసంలో గుడ్డ ముంచి, ఆకు ఆకూ అటూ ఇటూ తుడిచింది. పురుగులు పోయాయి. ఆమె తుడుస్తూ ఉంటే రాజు ఆమె గదిలో పచార్లు చేస్తున్నాడు, కాలుగాలిన పిల్లిలాగా. అప్పుడు మూత తెరిచి ఉన్న పెట్టె ఆయన కంట పడింది. పెట్టెనిండా చీరలు. మడత మీద మడత, అంచుకు అంచు, మూటలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. ప్రయాణానికి సర్ది పెట్టిన పెట్టె ఎలా ఉంటుందో అలా ఉంది.

రాజు ఠక్కున ఆగిపోయాడు. సర్దేసుకుంది! చెప్పకుండా సర్దేసుకుంది!

గబగబా చెట్టు దగ్గరికి వచ్చాడు. "దేవీ, నీకు పురుగు సంగతి తెలిసింది. అసలు రోగం కూడా తెలిసే ఉంటుంది. నీ పుణ్యముంటుంది, చెప్పు. దీనికేం తక్కువైంది?"

రాణి ఆయన మొహంలోకి చూసింది. తర్వాత ఆయన చూపుడువేలి వైపు చూసింది.

"కుదురు లేదు," అంది.

"అంతేనా?"

"అంతే."

రాజు వంగి చూశాడు. నిజమే! వసారాలో మంచినీళ్ళ కుండలన్నీ గడ్డి కుదుళ్ళ మీద హాయిగా కూర్చుని ఉన్నాయి. ఈ కుండీ ఒక్కటే ఏ కుదురూ లేకుండా వట్టి రాతినేల మీద ఉంది. ఇంతమంది పండితులకు ఇంత చిన్న సంగతి తట్టలేదేమని ఆశ్చర్యపోయాడు. రాణి ఇంకేదో చెప్పబోయింది. వినడానికి రాజు అక్కడుంటేగా!

గడ్డి కుదురు రాణిగారి చెట్టుకా? ఛీ ఛీ. బంగారు కుదురు చేయమని కంసాలికి చెప్పాడు. కొలతలు తీయాలి, కొలిమి కోటలోకి రాదు కాబట్టి కుండీనే కొలిమి దగ్గరికి మోసుకుపోయారు. చెట్టు ఆ సెగకు ఉక్కిరిబిక్కిరై తిరిగొచ్చింది. కుదురు తయారైంది గానీ బిగువైంది. మళ్ళీ మోసుకుపోయారు. ఈసారి వదులైంది. ఆపైన రాజు వేలు లేచి, చుట్టూ కెంపులు పొదగమంది.

మొత్తానికి కుదిరింది. కుదిరిన దాన్ని కూర్చోబెట్టి ఊరుకున్నాడా? ఊరేగించాడు! బంగారు కుదురు, దానిలో కుండీ, కుండీలో చెట్టు, అన్నిటినీ ఏనుగెక్కించి రాజవీధులన్నీ తిప్పాడు. ఏనుగు అడుగు వేసినప్పుడల్లా ఆకులు జలజల రాలాయి. జనం ఎగబడి ఏరుకుని కళ్ళకద్దుకున్నారు. చెట్టు తిరిగి కోటకు చేరేసరికి దానిమీద ఏమీ లేదు. కొమ్మలున్నాయి, ఏనుగుమీద పడిన పూలు కొన్ని ఆ కొమ్మలకు తగులుకుని ఉన్నాయి.

రాణి కిటికీలోంచి చూసింది. పల్లకీ తెమ్మని కబురు పంపింది.

బోయీలు వచ్చి పెరట్లో పల్లకీ దించారు. రాజు ఆ దింపిన చప్పుడు విన్నాడు. రాణి గది గుమ్మం పక్కన దించిన కుండీ కింద నుంచి బంగారు కుదురు ఊడబెరికి, చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"దేవీ! నువ్వు చెప్పిందే చేయించాను కదా! ఇదిగో కుదురు!"

"చేయిస్తే వచ్చేదా అది?" అంది రాణి.

రాజుకు ఏమీ అర్థం కాలేదు. పెట్టె వైపు చూశాడు. ఉక్రోషం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఎప్పుడు సర్దుకున్నావు ఇదంతా? ఇన్ని చీరలు మడతపెడుతూ ఉంటే ఒక్కసారైనా నేను గుర్తుకు రాలేదా నీకు?"

రాణి మొదటిసారి తెల్లబోయింది.

"నేనెక్కడ సర్దాను? ఇది మా అమ్మ సర్దిన పెట్టె."

"అంటే?"

"అంటే ఏముంది, విప్పలేదు. వచ్చిన దగ్గర్నుంచీ విప్పనే లేదు. ఏ గదిలో విప్పమంటారు? ఒక గదిలో మూట ముడి విప్పేలోపల ఇంకో గదికి వేలు చూపించేవారు మీరు. పైనున్న నాలుగు చీరలే తీసి కడుతున్నాను, ఉతికి మళ్ళీ అందులోనే పెడుతున్నాను. అడుగున ఏముందో నాకే తెలీదు."

రాజు చేతిలో కుదురు. కుదురు వైపు చూశాడు, బోడి చెట్టు వైపు చూశాడు, రాణి వైపు చూశాడు. కుదురు లేదు, కుదురు లేదు అని ఆ మాట ఆయన లోపల తిరిగింది. తిరిగి తిరిగి చివరికి సరైన చోట కూర్చుంది.

ఆయన కూడా కూర్చున్నాడు. వట్టి నేలమీద, చెట్టు పక్కన. కళ్ళనీళ్ళు జారుతుంటే తుడుచుకోలేదు.

"అయితే రోగం నేనేనన్నమాట," అన్నాడు. "నువ్వు లేకపోతే నాకు ముద్ద దిగదు దేవీ."

ఈ మాట రాణి వినడం అదే మొదలు. అయినా వెంటనే కరిగిపోలేదు. ఆమె కూడా రాజు కూతురే. చెట్టు దగ్గరికి వెళ్ళి, బెరడుమీద గోటితో చిన్నగా గీరింది. పొర లేచింది. లోపల ఆకుపచ్చగా ఉంది. ఆ గీరిన చోట తెల్లటి పాలు ఊరాయి.

"మోడైతే వెళ్తానన్నాను," అంది. "ఇది మోడు కాలేదింకా. మాటంటే మాటే."

బోయీలకు అన్నం పెట్టించమని చెప్పింది. పంపించెయ్యమని మాత్రం చెప్పలేదు.

ఆ పూట కుండీని మళ్ళీ మొదటి గదికి, తూర్పు కిటికీ దగ్గరికి చేర్చారు. పెట్టె వెంట వచ్చింది. ఇదే ఆఖరు అన్నాడు రాజు. నమ్మినట్టు ఎవరూ మొహం పెట్టలేదు.

కష్టం చెట్టుకు కాదు, వేలికి వచ్చింది. కూర్చుంటే లేస్తుంది, నిద్రలో కూడా లేస్తుంది. ఎదురుగా దీపపు స్తంభం కనపడితే దురద పుడుతుంది. రాణి రెండు రోజులు చూసి, నవ్వు ఆపుకుంటూ, "దానికి పని లేక అట్లా ఉంది. పని ఇస్తాను రండి" అంది. ఆయన వేలు పట్టుకుని కుండీ మట్టిలో గుచ్చింది.

"తడి తగిలిందా?"

"తగిలింది."

"అయితే ఊరుకోండి. పొడిగా తగిలిన రోజున నీళ్ళు పోద్దురుగాని. రోజూ చూడండి, రోజూ పోయొద్దు."

రాజు రోజూ చూశాడు. రాజ్యాన్ని తిప్పిన వేలు పొద్దున్నే మట్టిలో దిగి, తడి తెలుసుకుని, బుద్ధిగా బయటికి వచ్చేది. వైద్యుడు వచ్చి కొమ్మ పట్టుకోబోతే రాజు చెయ్యి అడ్డం పెట్టాడు. సిద్ధాంతి గుమ్మంలోంచే ఏదో దోషం అన్నాడు. "ఉంటే ఉండనీ, అదీ ఉన్నచోటే ఉండనీ" అన్నాడు రాజు.

వేలు మట్టిలో ఉంటే రాజ్యానికి చూపుడు తప్పింది. అడవి మంత్రి పడవలు మానేసి, చూడగా చూడగా ఏది టేకో ఏది తుమ్మో నేర్చుకున్నాడు. రేవు మంత్రి వలల్లో పులులు పడకపోయినా చేపలు పడ్డాయి. గుర్రాలు సంగీతశాలలోనే ఉండిపోయాయి. వాటికి అలవాటైపోయింది, వాటితో పాటు గాయకులకూ అలవాటైంది.

చెట్టు మాత్రం తొందరపడలేదు. ఎన్నిసార్లు మోసపోయిందో కదా పాపం, మళ్ళీ ఎత్తుకుపోతారేమోనని చూసింది. పెరట్లో బోయీలు తిని, పడుకుని, లావెక్కుతున్నారు. రాజు రోజూ కిటికీలోంచి పల్లకీని చూసేవాడు. చూసి, చెట్టువైపు తిరిగి, దణ్ణం పెట్టినంత పని చేసేవాడు.

ఒక ఉదయం కొమ్మ చివర సూదిమొనంత మొగ్గ కనపడింది. రాజు కేక పెట్టబోయి, ఆ కేకకు రాలిపోతుందేమోనని నోరు మూసుకున్నాడు. మొగ్గ విప్పుకుంది, ఆకయింది. పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. ఆ మొదటి ఆకులు ముదిరి పండే వేళకు కొమ్మ కొమ్మకూ లేత ఆకులు వచ్చాయి.

ఆ రోజు రాణి పెట్టె ముందు కూర్చుంది. మూట తర్వాత మూట విప్పింది. చీరలు దండెం మీదికి వెళ్ళాయి, గూట్లోకి వెళ్ళాయి. అట్టడుగున, పాత గుడ్డలో చుట్టి, వాళ్ళమ్మ పెట్టిన గడ్డి కుదురు దొరికింది. రాణి దాన్ని కళ్ళకద్దుకుంది. ఇద్దరూ కలిసి కుండీని అంగుళం పైకెత్తి, కింద ఆ కుదురు పెట్టి, మళ్ళీ అక్కడే దించారు. బంగారు కుదురు అప్పటికే పిల్లి సొంతం చేసుకుంది. అందులో చుట్టుకుని నిద్రపోతోంది.

అంతలో ఒక ఆకు రాలింది.

వైద్యుడు పరిగెత్తుకొచ్చాడు. సిద్ధాంతి పరిగెత్తుకొచ్చాడు. కవి కూడా వచ్చాడు గానీ దూరంగా నిలబడ్డాడు. అందరూ రాజు మొహం చూశారు. రాజు వంగి ఆకు తీశాడు. పసుపు పచ్చగా, తొడిమ దాకా పండిన ఆకు.

"పండాకు," అన్నాడు. "దాని రోజు అయిపోయింది. మీరు వెళ్ళండి."

వాళ్ళు వెళ్ళారు. రాణి ఆ ఆకు అందుకుని ఖాళీ పెట్టెలో వేసి మూత వేసింది. వేసి, నడుంమీద చెయ్యి పెట్టుకుని, గదంతా ఒకసారి చూసి, ఏమీ ఎరగనట్టు అడిగింది.

"ఈ పెట్టె ఎక్కడ పెట్టమంటారు?"

రాజు నోరు తెరిచాడు. వేలు లేచింది. గోటి కింద మట్టితో సహా పైపైకి లేచింది. అటా, ఇటా అని గాలిలో వణికింది. రాజు ఎడమచేత్తో దాన్ని గట్టిగా పట్టుకుని, ఒళ్ళోకి లాక్కుని, పైన కండువా కప్పాడు. నుదుట చెమట పట్టింది.

"నీ ఇష్టం," అన్నాడు.

రాణి నవ్వింది. కోటలో అందరూ మరిచిపోయిన ఆ పాత నవ్వు.

ఆ నవ్వు కిటికీలోంచి పెరట్లోకి వినపడింది. బోయీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ చెప్పకుండానే లేచి, ఒళ్ళు దులుపుకుని, ఖాళీ పల్లకీ భుజానికెత్తుకుని వెళ్ళిపోయారు.